26, 27.5, 29: మౌంటెన్ బైక్ చక్రం సైజు మారితే నిజంగా మారేదెంత?

మౌంటెన్ బైకుల్లో చక్రం సైజు గురించిన వాదన చల్లారిందనుకున్న ప్రతిసారీ మళ్లీ రాజుకుంటుంది. మొదట్లో అందరిదీ 26 అంగుళాల చక్రమే. తర్వాత 29 వచ్చింది, ఆ రెంటికీ మధ్యలో 27.5 వచ్చింది, ఆ తర్వాత ముందు 29, వెనక 27.5 ఉన్న సైకిళ్లు వచ్చాయి. ఇక 29 దగ్గర ఆగిపోయినట్టే అని చాలామంది స్థిమితపడ్డాక ఇప్పుడు 32 అంగుళాల చక్రాలతో ప్రోటోటైపులు కనిపిస్తున్నాయి. కొత్తగా సైకిల్ కొనాలనుకునేవాళ్లకు ఇదంతా పెద్ద టెన్షన్. పాత సైకిల్ ఉన్నవాళ్లకు మరో బెంగ: నాది పనికిరాకుండా పోయిందా?

ఈ వాదనలో ఎక్కువగా వినిపించే మాటలు రెండు: పెద్ద చక్రం వేగంగా పోతుంది, చిన్న చక్రం చురుగ్గా తిరుగుతుంది. రెండూ నిజమే. అయితే ఎంత నిజం అన్నది ఎవరూ పెద్దగా చెప్పరు. కాగితం మీద లెక్క వేసుకుంటే చాలా సందేహాలు వాటంతటవే విడిపోతాయి.

పేరులో ఉన్న అంగుళాలు, రిమ్ మీది అసలు కొలత

26, 27.5, 29 అనేవి కచ్చితమైన కొలతలు కావు. టైరు వేసి గాలి కొట్టాక చక్రం మొత్తం ఎత్తు దాదాపు ఎంతుంటుందో చెప్పే పేర్లు మాత్రమే. అసలు కొలత రిమ్‌లో టైరు అంచు కూర్చునే చోటి వ్యాసం. 26కి అది 559 మి.మీ., 27.5కి 584 మి.మీ., 29కి 622 మి.మీ.

ఈ మూడు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 26కీ 27.5కీ తేడా 25 మి.మీ. 27.5కీ 29కీ తేడా 38 మి.మీ. పేరు వింటే 27.5 సరిగ్గా నడిమధ్యన ఉన్నట్టు అనిపిస్తుంది కానీ, నిజానికి అది 26కి దగ్గరి చుట్టం. 27.5కి మారినా 26తో పోలిస్తే పెద్ద తేడా తెలియలేదని కొందరు అనడానికి ఇదొక కారణం.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే రిమ్‌కి చాలా పేర్లు. రోడ్డు సైకిళ్లవాళ్లు 700సి అనేదీ, మామూలు సిటీ సైకిళ్ల మీద 28 అని రాసి ఉండేదీ, మౌంటెన్ బైకువాళ్లు 29 అనేదీ అదే 622 మి.మీ. రిమ్. 27.5కి పాత పేరు 650బి. దీనికి తలకిందులుగా, ఒకే పేరుతో వేర్వేరు రిమ్‌లూ ఉన్నాయి. 26 అని రాసి ఉన్నా, పాతకాలపు రోడ్‌స్టర్ సైకిళ్ల 26×1 3/8 టైరు కూర్చునే రిమ్ 590 మి.మీ. ఉంటుంది, మౌంటెన్ బైకు 559 రిమ్‌కి ఆ టైరు సరిపోదు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 57-622 లాంటి అంకె ఒకటి ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలోనే. ఆ రెండో అంకెలో మాత్రం గందరగోళం ఉండదు.

చక్రం మొత్తం వ్యాసం కావాలంటే రిమ్ కొలతకు టైరు ఎత్తును రెండుసార్లు కలపాలి. టైరు ఎంత వెడల్పో దాదాపు అంతే ఎత్తు అనుకుందాం. 2.3 అంగుళాల టైరు అంటే 58 మి.మీ. పైచిలుకు. అలా చూస్తే 29 చక్రం 739 మి.మీ., 27.5 చక్రం 701, 26 చక్రం 676 వస్తాయి. ముందుకెళ్లే కొద్దీ ఈ అంకెలే వాడుకుందాం.

ఇక్కడే ఒక విశేషం ఉంది. 27.5 రిమ్‌కి 2.8 అంగుళాల లావు టైరు వేస్తే మొత్తం వ్యాసం 726 మి.మీ. అవుతుంది. 29 రిమ్‌కి 2.1 అంగుళాల సన్న టైరు వేస్తే 729. రెండూ ఇంచుమించు ఒకటే. రిమ్ సైజు ఒక్కటీ చూసి చక్రం పెద్దదో చిన్నదో చెప్పడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

టైరు ముందు, సైకిల్ తర్వాత

26 అంగుళాల చక్రాన్ని ఎవరూ కొండల కోసం లెక్కలు కట్టి ఎంచుకోలేదు. 1970ల్లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు టామల్‌పైస్ కొండ చుట్టుపక్కల మట్టిదారుల్లో పాత సైకిళ్ల మీద కిందికి దూసుకెళ్లేవాళ్లు. ఆ సైకిళ్లు ష్విన్ కంపెనీ 1933లో తెచ్చిన లావుపాటి బెలూన్ టైర్ల తరానివి. ఆ టైర్లది 26 అంగుళాల సైజు. 1976లో అక్కడ మొదలైన రీప్యాక్ పందెం పేరు వెనక కూడా ఒక కథ ఉంది. ఒక్కసారి కొండ దిగేసరికి వెనక హబ్‌లోని (చక్రం నడిమి భాగంలోని) బ్రేకు వేడికి గ్రీజు మొత్తం కాలిపోయేది, మళ్లీ కొత్తగా కూరాల్సి వచ్చేది, అదే రీప్యాక్. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, టామ్ రిచీ లాంటివాళ్లు కొండలకని ప్రత్యేకంగా సైకిళ్లు కట్టడం మొదలుపెట్టినప్పుడు, లావు టైర్లు దొరికేది 26లోనే కాబట్టి ఆ సైజే నిలిచిపోయింది.

29 కథా ఇంతే. 622 రిమ్ రోడ్డు సైకిళ్లలో ఎప్పటినుంచో ఉంది. దానికి కొండదారికి తగ్గ లావు టైరు లేదు. 1999లో విల్డర్‌నెస్ ట్రెయిల్ బైక్స్ సంస్థ నానోరాప్టర్ అనే టైరు తెచ్చాకే 29 అంగుళాల మౌంటెన్ బైకులకు దారి పడింది. ఫ్రాన్స్‌లో టూరింగ్ సైకిళ్లకు వాడే పాత 650బి కూడా, 2007లో ఫ్రేములు కట్టే కర్క్ పాసెంటి దానికి కొండ టైరు తయారు చేయించాకే మౌంటెన్ బైకుల్లోకి వచ్చింది.

2012 లండన్ ఒలింపిక్స్ క్రాస్‌కంట్రీ పోటీలో ఈ రెండు కొత్త సైజులూ ఎదురెదురు పడ్డాయి. చెక్ దేశపు యారొస్లావ్ కుల్హవీ 29 మీద బంగారు పతకం గెలిచాడు. స్విట్జర్లాండ్‌కు చెందిన నీనో షుర్టర్ 27.5 మీద రెండో స్థానంలో వచ్చాడు. ఇద్దరి మధ్య తేడా ఒక్క సెకను. ఒక్క పందెంతో చక్రం సైజు సంగతి తేలిపోదు. కానీ 26 అంగుళాల చక్రం కాలం అయిపోయిందని ఆ రోజు పోటీ చూసినవాళ్లకు అర్థమైపోయింది.

పది సెంటీమీటర్ల రాయి ఎదురైతే

పెద్ద చక్రానికి ఉన్న అసలు బలం అడ్డంకుల్ని దాటడం. ఎందుకో చూద్దాం. దారిలో 10 సెం.మీ. ఎత్తున్న రాయి ఉంది. సైకిల్ నెమ్మదిగా వెళ్లి దాని అంచుకి తగిలింది. చక్రం కేంద్రం నుంచి నేలకు ఒక గీత, రాయి తగిలిన చోటికి ఇంకో గీత గీస్తే, ఆ రెండు గీతల మధ్య కోణం ఎంత తక్కువైతే చక్రం అంత సులువుగా ఎక్కుతుంది. ఆ కోణం 26కి 45.2 డిగ్రీలు, 27.5కి 44.4, 29కి 43.2.

ఇంతేనా అనిపిస్తుంది. నాకూ మొదటిసారి లెక్క వేసినప్పుడు అలాగే అనిపించింది. చక్రాన్ని ఆ రాయి మీదికి లాగడానికి కావాల్సిన బలంలోకి మార్చి చూస్తే, 27.5 నుంచి 29కి వచ్చినప్పుడు సుమారు 4 శాతం తగ్గుతుంది. 26 నుంచి 29కి వస్తే 7 శాతం. టైరు నొక్కుకుపోవడం, ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని, దెబ్బకు కుంగే భాగం) కుంగడం ఈ లెక్కలో లేవు, అవి కలిస్తే అంకెలు మారతాయి. కానీ తేడా ఏ స్థాయిలో ఉంటుందో తెలుసుకోవడానికి ఇది చాలు.

గుంతల సంగతీ ఇలాంటిదే. 30 సెం.మీ. వెడల్పున్న గుంత మీదుగా పోతే 26 చక్రం 35 మి.మీ. లోపలికి దిగుతుంది, 27.5 చక్రం 34, 29 చక్రం 32.

ఒక్కో రాయి దగ్గర తేడా కొంచెమే. అయితే రాళ్లూ వేర్లూ పరుచుకున్న దారిలో గంటసేపు తొక్కితే అలాంటి దెబ్బలు కొన్ని వేలు తగులుతాయి. ప్రతి దెబ్బకీ కాస్త తక్కువ వేగం పోతే, చివరికి చేతులకీ ఒంటికీ ఆ తేడా తెలుస్తుంది. 29 తొక్కేవాళ్లు దారి నున్నగా అయినట్టుంది అని చెప్పేది ఇదే. అందులో అతిశయోక్తి లేదు. అలాగని 29 ఉంటే రాళ్లు కనిపించకుండా పోవు. టైర్లో గాలి కొంచెం ఎక్కువ తక్కువలైనా ఇంతకు మించిన తేడా వస్తుంది.

నేలకు ఆనే భాగం గురించి కూడా ఒక అపోహ ఉంది, పెద్ద చక్రం నేలకు ఎక్కువగా ఆనుతుందని. బరువు ఒకటే, గాలి ఒత్తిడీ ఒకటే అయితే నేలకు ఆనే వైశాల్యం దాదాపు ఒకటే. ఆకారం మారుతుంది: పెద్ద చక్రానిది కాస్త పొడుగ్గా, సన్నగా ఉంటుంది.

పెద్ద చక్రం బద్ధకంగా కదులుతుందా?

29 మీద వచ్చే పెద్ద ఫిర్యాదు ఇది: బ్రేకు వేసి, మళ్లీ వేగం అందుకోవాలంటే బరువుగా ఉంటుందని. పెద్ద చక్రం తిప్పడానికి ఎక్కువ శక్తి కావాలి కదా అని కారణం చెబుతారు. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది.

రిమ్, టైరు లాంటి అంచు బరువు ముందుకు కదులుతూ, తనచుట్టూ తాను తిరుగుతుంది కూడా. కాబట్టి వేగం అందుకునేటప్పుడు ఆ బరువును రెండింతలుగా లెక్కేయాలి. ఇది ఏ సైజు చక్రానికైనా వర్తిస్తుంది. చక్రం పెద్దదైతే అదే సైకిల్ వేగానికి అది నెమ్మదిగా తిరుగుతుంది, ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. తేడా తెచ్చేది వ్యాసం కాదు, పెరిగిన బరువు.

ఉదాహరణకు 27.5 రిమ్, టైరు కలిపి 1,500 గ్రాములు, అదే రకం 29ది 1,600 గ్రాములు అనుకుందాం. రెండు చక్రాలకీ 200 గ్రాములు ఎక్కువ, రెండింతలు చేస్తే 400 గ్రాములు. మనిషి, సైకిల్ కలిపి 90 కిలోలైతే ఇది అర శాతం కూడా లేదు. కాళ్లకు ఈ తేడా తెలియడం కష్టం.

మరి అంతమంది చెప్పేది అబద్ధమా? కాదు. వాళ్లకు తెలుస్తున్న బరువు వేరే చోట ఉంది. తిరుగుతున్న చక్రాన్ని పక్కకు వాల్చాలన్నా, దిశ మార్చాలన్నా అది ఎదురుతిరుగుతుంది. ఈ ఎదురుతిరిగే గుణం బరువుతోనూ పెరుగుతుంది, వ్యాసంతోనూ పెరుగుతుంది. బరువు దాదాపు 7 శాతం, వ్యాసం 5 శాతం పెరిగితే రెండూ కలిసి సుమారు 12 శాతం అవుతుంది. వెంటవెంటనే వచ్చే మలుపుల్లో సైకిల్‌ను అటూ ఇటూ పడేసేటప్పుడు, గాల్లోకి ఎగిరి తిప్పేటప్పుడు 27.5 చేతికి తేలిగ్గా అనిపించడంలో దీని పాత్ర ఉంది.

గేర్లలో మాత్రం బరువు నిజంగానే పెరుగుతుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. పెడల్ దగ్గర 32 పళ్లు, వెనక అతి పెద్ద గేరు 50 పళ్లు అనుకుందాం. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 0.64 చుట్టు తిరుగుతుంది. 27.5 మీద అది 1.41 మీటర్ల దూరం. అదే గేరు 29 మీద 1.49 మీటర్లు. ఏటవాలు ఎక్కేటప్పుడు ప్రతి చుట్టుకీ 5 శాతం ఎక్కువ బరువు తొక్కుతున్నట్టు లెక్క. పెడల్ దగ్గరి పళ్లచక్రాన్ని 30కి మారిస్తే 29 మీద కూడా 1.39 మీటర్లకు వచ్చేస్తుంది. 29 బరువుగా ఉందన్న ఫిర్యాదుల్లో కొన్ని ఈ రెండు పళ్లతో తీరిపోయేవే.

మనిషి ఎత్తు, ఫ్రేములో చోటు

నా దృష్టిలో మొత్తం చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందరూ చివర్లో మాట్లాడేదీ ఇదే. 27.5 నుంచి 29కి వెళ్తే ఇరుసు నేలనుంచి 19 మి.మీ. పైకి లేస్తుంది. ముందువైపు ఆ 19 మి.మీ. హ్యాండిల్ దాకా వెళ్తుంది. ఎత్తు విషయంలో 120 మి.మీ. కుంగే ఫోర్క్ ఉన్న 29 సైకిల్, 140 మి.మీ. ఫోర్క్ ఉన్న 27.5 సైకిల్ ముందు భాగంలో ఇంచుమించు ఒకేలా ఉంటాయి.

ఆరడుగుల మనిషికి ఇది వరం. హ్యాండిల్ అందుబాటులోకి వస్తుంది, చక్రాల మధ్యలో కూర్చున్నట్టు ఉంటుంది. ఐదడుగుల మనిషికి లెక్క మారుతుంది. హ్యాండిల్ సీటు కన్నా పైకి పోతుంది. ఫ్రేము చిన్నది చేద్దామంటే చక్రాలు చిన్నవి కావు, అందుకని మలుపులో పెడల్ మీది కాలి వేలు ముందు చక్రానికి తగిలే ప్రమాదం ఉంటుంది. నిటారు దిగుడులో ఒంటిని వెనక్కి నెట్టినప్పుడు వెనక టైరు ఒంటికి రాసుకుంటుంది. ఈ కారణంగానే ట్రెక్ లాంటి కంపెనీలు కొన్ని మోడళ్లలో చిన్న ఫ్రేములకు 27.5, పెద్ద ఫ్రేములకు 29 ఇస్తాయి. పిల్లల సైకిళ్లలో 20, 24, 26 అంగుళాలు ఇంకా కొనసాగుతున్నదీ ఇందుకే. అక్కడ 26 పాతబడలేదు, తగిన ఒంటికి తగిన చక్రంగా ఉంది.

తొలినాళ్ల 29 సైకిళ్లకు మందకొడివని పేరు రావడానికి చక్రం కన్నా ఫ్రేమే ఎక్కువ కారణం. పెద్ద చక్రానికి చోటివ్వడానికి వెనక భాగాన్ని పొడిగించారు, ముందు భాగం 26 సైకిల్ కొలతల్లోనే ఉంచారు. పొడుగు స్పోకులతో చక్రం పక్కకు ఊగేది. తర్వాత ఫోర్క్ కోణాలు మారాయి, వెనక భాగం పొట్టిదైంది, వెనక 148, ముందు 110 మి.మీ. వెడల్పున్న బూస్ట్ హబ్‌లు వచ్చి స్పోకులకు మంచి ఆనిక దొరికింది. ఈరోజు 29 తొక్కి, పదిహేనేళ్ల కిందటి మాటలతో దాన్ని కొలవడం న్యాయం కాదు.

ముందు పెద్దది, వెనక చిన్నది

ముందూ వెనకా వేర్వేరు పొడవుల్లో జుట్టు వదిలే ఒక హెయిర్‌స్టైల్ పేరు మల్లెట్. ముందు 29, వెనక 27.5 ఉన్న సైకిల్‌కి అదే పేరు పెట్టారు. ఆలోచన సులభం: రాళ్లకు మొదట తగిలేది ముందు చక్రం కాబట్టి అది పెద్దదిగా, ఒంటికి రాసుకునేదీ మలుపులో విసరాల్సిందీ వెనక చక్రం కాబట్టి అది చిన్నదిగా. పోటీల్లో రెండు చక్రాలూ ఒకే సైజులో ఉండాలన్న నిబంధనను అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ సడలించాక 2019లో ఇది డౌన్‌హిల్ (కొండ దిగే) పోటీల్లోకి వచ్చింది. ఆ ఏడాది మోంట్ సెంట్ ఆన్‌లో లోయిక్ బ్రూనీ ఇలాంటి సైకిల్ మీదే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. దానికి రెండేళ్ల ముందు, 2017లో, ఫోర్ట్ విలియం ప్రపంచ కప్పును గ్రెగ్ మినార్ రెండువైపులా 29 ఉన్న సైకిల్ మీద గెలిచాడు. మినార్ చాలా పొడగరి. అతనికి వెనక టైరు దగ్గర చోటు సమస్య తక్కువ.

అయితే 29 కోసం కట్టిన ఫ్రేములో వెనక 27.5 పెట్టేస్తే మల్లెట్ అయిపోతుందా? లెక్క వేద్దాం. చక్రాల ఇరుసుల మధ్య దూరం 1,200 మి.మీ. అనుకుందాం. వెనక ఇరుసు 19 మి.మీ. కిందికి దిగితే సైకిల్ మొత్తం వెనక్కి సుమారు 0.9 డిగ్రీలు వాలుతుంది. ఫోర్క్ అంత వాలుతుంది, సీటు గొట్టమూ అంతే. పెడళ్ల ఇరుసు 12 మి.మీ. కిందికి వస్తుంది. దిగుడులో ఈ వాలు హాయిగానే ఉంటుంది. ఎక్కుడులో మాత్రం ఒళ్లు వెనక్కి పోయి ముందు చక్రం తేలిపోతుంది, పెడళ్లు రాళ్లకు కొట్టుకుంటాయి. అందుకే కొన్ని ఫ్రేముల్లో కోణం సర్దే చిన్న బిళ్ల ఒకటి ఇస్తున్నారు. దీనికి తలకిందులుగా, 27.5 ఫ్రేములోకి 29 దూర్చాలంటే చాలాసార్లు అసలు చోటే చాలదు.

గడియారం చెప్పేది, చేతులు చెప్పేది

29ని సమర్థించేవాళ్లు సమయం చూపిస్తారు. క్రాస్‌కంట్రీ పోటీల్లో దాదాపు అందరూ 29 మీదే ఉండటం వాళ్ల పక్షాన బలమైన సాక్ష్యం. 27.5ని వదలనివాళ్లు ఆ మాటను కాదనరు. తాము గడియారం కోసం తొక్కడం లేదంటారు. మలుపు తిరిగేటప్పుడు ఒంటి కింద సైకిల్ ఎలా కదులుతుందో, చిన్న మిట్ట మీంచి ఎంత సులువుగా ఎగురుతుందో వాళ్లకు కావాలి. ఎగుళ్ల కోసమే కట్టే డర్ట్ జంప్ సైకిళ్లలో ఇప్పటికీ 26 ఉండటం వాళ్ల పక్షాన అంతే బలమైన సాక్ష్యం. ఇద్దరూ ఒకే చక్రం గురించి మాట్లాడుతున్నట్టు ఉంటుంది కానీ కొలుస్తున్నవి రెండు వేర్వేరు విషయాలు. ఎగుళ్ల పార్కులో ఆడుకునే పొడుగు మనిషికి 27.5 నచ్చవచ్చు, పొద్దంతా దూరాలు తొక్కే పొట్టి మనిషికి సరిగ్గా కట్టిన 29 నచ్చవచ్చు. ఎత్తు ఒక్కటే చూసి తీర్పు చెప్పలేం, దారి ఒక్కటే చూసి కూడా చెప్పలేం.

26 సైకిల్ ఉన్నవాళ్ల బెంగకు జవాబు కూడా ఇక్కడే ఉంది. పైన చూసిన 7 శాతం వల్ల ఏ దారీ మూసుకుపోదు. అసలు ఇబ్బంది విడిభాగాలది. మంచి టైర్లు, ఫోర్కులు ఆ సైజులో రానురాను తగ్గిపోతున్నాయి.

32తో ఏం మారవచ్చు

32 అంగుళాల రిమ్ వ్యాసం 686 మి.మీ. 2.4 అంగుళాల టైరు వేస్తే చక్రం 808 మి.మీ. అవుతుంది. అదే టైరుతో 29 అయితే 744. అంటే ఒక్క అడుగులో 64 మి.మీ. పెరుగుదల, 27.5 నుంచి 29కి వచ్చిన దాని కన్నా చాలా ఎక్కువ. అదే పది సెంటీమీటర్ల రాయి దగ్గర కోణం 41 డిగ్రీలకు దిగుతుంది, లాగే బలం ఇంకో 6 శాతం తగ్గుతుంది. ఇరుసు మాత్రం 32 మి.మీ. పైకి లేస్తుంది. ఐదడుగుల మనిషికి 29తోనే ఉన్న ఇబ్బందులన్నీ ఇప్పుడు ఐదున్నర అడుగుల మనిషికి కూడా వస్తాయి. బాగా పొడుగున్నవాళ్లకు మాత్రం, తమ ఒంటికి సరిపడే చక్రం మొదటిసారి దొరికినట్టు అవుతుంది.

ఎంతమంది దీని మీదికి మారతారన్నది కోణాల లెక్క ఒక్కటే తేల్చదు. 1999లో 622 రిమ్‌కి లావు టైరు వచ్చాక కూడా దానికి తగ్గ ఫోర్కులు, బలమైన రిమ్‌లు, సరైన ఫ్రేము కొలతలు కుదరడానికి పదేళ్లకు పైగా పట్టింది. 686 రిమ్ ఇప్పుడు ఆ వరసలో మొదటి మెట్టు మీద ఉంది.